సావిట్లో పడున్న బండి

ఏం చెప్పమంటారు అక్కయ్యలూ! గుడివాడ పెళ్ళికెళ్ళొచ్చినప్పట్నించీ మావారిది ఒకటే పాట. అక్కడ చుట్టాల గొడ్లసావిట్లో రాజ్‌దూత్ 350 పడుందట. కదలదు. పాతికవేలకి ఇస్తామన్నారట. కాలేజీ రోజుల్లో దాని చప్పుడుకి బందరు కోనేరు సెంటరంతా తిరిగి చూసేదట!

ఎస్కార్ట్స్ వాళ్ళు యమహా సాయంతో 1983 నుంచి కొన్నేళ్ళు చేసిన బండి అది. రెండు సిలిండర్లు. ఎంత పరుగో అంత పెట్రోలు తాగుడు. ఇప్పుడు విడిభాగాల కోసం ఊళ్ళు పట్టి తిరగాలి.

నా దగ్గరున్నవి చీటీ పాడిన నలభైవేలు. వానల్లోపు వంటింటి పెంకు తిరగనేయించాలని దాచినవి.

ఒక్కమాటలో వద్దంటే ఆయన మొహం చిన్నబోతుందని, మెకానిక్కుని వెంటబెట్టుకుని నేనూ వెళ్ళాను. కిక్‌రాడ్ తొక్కితే దిగలేదు. ఇంజను పట్టేసిందన్నాడు. సీటుకింద గోరుతో గీరితే తుప్పు పొరలు పొరలుగా ఊడొచ్చింది. మీ ఇంట్లోనూ ఇలాంటి సరదా పుడితే ముందు కాగితాలడగండి. దీని ఆర్‌సీ చనిపోయిన పెద్దాయన పేర ఉంది, వారసులంతా సంతకాలు పెట్టాలి. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 20 ఏళ్ళు దాటినవాటికి 2025లో ఆ రుసుమూ పెంచారు. బాగుకి ముప్పైఅయిదు వేలు, అదీ "విప్పితేగాని చెప్పలేనమ్మా" అంటూ! ఆ మాటకే నా గుండె జారింది.

ముందు పెంకు నేయిద్దామన్నాను. వాళ్ళు కాగితాలు తమ పేర మార్పించుకుని, బండి అప్పటికీ అక్కడే ఉంటే, సంక్రాంతికి నా రెండో చీటీ చేతికొస్తుంది, చూద్దామన్నాను.

ఆయన ఏమీ అనలేదు. నిన్న మాత్రం అటకమీంచి పాత హెల్మెట్ దించి ఎండలో పెట్టారు.