నెట్ రాని ల్యాప్‌టాప్ కూడా సైన్స్ పాఠమే

దరఖాస్తుకు ఆఖరి రోజు. ల్యాప్‌టాప్‌లో నెట్ లేదు. కంగారులో రౌటర్ ఆపి, వైఫై మార్చి, రీస్టార్ట్ కొట్టి అన్నీ ఒకేసారి చేసేస్తాం. నెట్ వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలియదు. రేపు పోతే మళ్లీ మొదటికే.

ఒక్కో మెట్టూ పరీక్షించడం మేలు. అదే వైఫైతో ఫోన్‌లో నెట్ వస్తోందా? వస్తే ముందు ల్యాప్‌టాప్‌నే చూడాలి. దాని ఐపీ చిరునామా 169.254తో మొదలైతే, రౌటర్ నుంచి చిరునామా అందక తానే ఒకటి పెట్టుకుందని అర్థం. చిరునామా సరిగ్గా ఉంటే 8.8.8.8కు పింగ్ చేయాలి. జవాబు వచ్చినా వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే, పేర్లకు ఐపీ చిరునామాలు వెతికిపెట్టే డీఎన్ఎస్‌ను అనుమానించాలి. తేదీ కూడా చూడాలి. అది తప్పయితే భద్రతా సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపించి సైట్లు మొరాయిస్తాయి.

ఊహించడం, ఒక్కటే మార్చడం, ఫలితాన్ని బట్టి ఊహను ఉంచుకోవడం లేదా వదిలేయడం. ప్రయోగశాలలో చేసేదీ ఇదే. కంప్యూటర్ క్లాసులో మెనూలు బట్టీ పట్టించే బదులు, నెట్ రాని ల్యాప్‌టాప్‌ను పిల్లల ముందు పెట్టి కారణం కనుక్కోమనాలి. శాస్త్రీయ దృక్పథం అలవడేది అక్కడే.