రద్దయిన గంటకు వేతనం ఎవరివ్వాలి?

ఆటిజం ఉన్న పిల్లల గురించి మన ఇళ్ళలో ఇప్పుడు మునుపటికంటే బాహాటంగా మాట్లాడుకుంటున్నారు. ఇది ఆహ్వానించదగిన మార్పు. ఒకప్పుడు ‘మాట ఆలస్యమైంది’, ‘మొండిపిల్లవాడు’, ‘దిష్టి తగిలింది’ అని సరిపెట్టుకున్న కుటుంబాలు నేడు బిడ్డను వైద్యునికి చూపించి, స్పీచ్ థెరపీకీ ఆక్యుపేషనల్ థెరపీకీ తీసుకువెళుతున్నాయి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో అదీ ఒకటి. అయితే బిడ్డ గురించి ఇంతగా ఆలోచిస్తున్న మనం, ఆ బిడ్డ ఎదుట నేలమీద కూర్చుని పనిచేసే మనిషి గురించి దాదాపు ఏమీ ఆలోచించడం లేదు. ఈ నెల ఆ మనిషి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

థెరపీ సెంటర్‌లో బిడ్డను పరీక్షించి, ఏమేమి నేర్పాలో ప్రణాళిక రాసే నిపుణులు ఒకరో ఇద్దరో ఉంటారు. ఆ ప్రణాళికను రోజూ అమలుచేసేది వారి కింద పనిచేసే యువతులు. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమాయో, సైకాలజీలో డిగ్రీయో చదివి ఇరవై, ఇరవైఅయిదు ఏళ్ళ వయసులో ఈ పనిలో చేరినవారే వీరిలో ఎక్కువ. మన ముస్లిం కుటుంబాల ఆడపిల్లలూ ఇప్పుడు ఈ చదువు వైపు వస్తున్నారు. మా మద్రసా విద్యార్థుల అక్కలలో కొందరు ఈ ఉద్యోగంలో ఉన్నారు. ఇక్కడ రాస్తున్న మాటల్లో చాలావరకు వారి ఇళ్ళలో విన్నవే.

ఈ పనిని బయటివారు తేలికగా అంచనా వేయడానికి ఒక కారణం ఉంది. కాయిదా నేర్పే ఉస్తాద్ ఎదుట ముప్పై మంది పిల్లలుంటారు, ఆమె ఎదుట ఒక్కరే. ‘ఒక్క బిడ్డతో ముప్పావుగంట ఆడుకోవడం ఏపాటి శ్రమ?’ అనిపిస్తుంది. కాని ఆ ముప్పావుగంటలో ఆమె చూపు క్షణమైనా బిడ్డను వదలకూడదు. బిడ్డ తనవైపు ఒక్కసారి చూడటానికి అదే బొమ్మను ఇరవైసార్లు చూపాలి. ఏది అడిగితే ఏం చేశాడో మనసులో లెక్క పెట్టుకోవాలి. మాట రాని బిడ్డ తన బాధను ఒంటితోనే చెబుతాడు. శబ్దం ఎక్కువైతే రక్కుతాడు, అలసిపోతే కొరుకుతాడు, స్కార్ఫ్ పట్టుకుని లాగుతాడు. ఇందులో బిడ్డ తప్పేమీ లేదు. ఆ సంగతి అందరికంటే ఆమెకే బాగా తెలుసు. నేను విన్న ఏ ఫిర్యాదూ పిల్లలమీద కాదు.

ఫిర్యాదులు వేరే ఉన్నాయి. ఒక సెషన్ ముగిసిన మరుక్షణం మరో బిడ్డ తలుపు దగ్గర ఉంటాడు. నీళ్ళు తాగడానికి, నమాజ్ చేసుకోవడానికి వ్యవధి దొరకదు. రోజంతా నేలమీద కూర్చోవడం, బరువైన పిల్లలను ఎత్తడంతో చిన్న వయసులోనే నడుము నొప్పి వస్తుంది. కొరికిన గాయాన్ని సబ్బుతో కడిగి వైద్యునికి చూపించాలన్న కనీస నియమం కూడా కొన్నిచోట్ల ఉండదు, ఆ వైద్యానికి ఖర్చు ఆమెదే. సెషన్ వివరాలు రాసిపెట్టే పని ఇంటికి వెళ్ళాక చేయాలి. రాత్రి పదింటికి వాట్సాప్‌లో తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలకు జవాబివ్వాలి. వీటికి వేతనం లేదు.

అన్నిటికంటే పెద్ద ఫిర్యాదు సెషన్ల లెక్కన ఇచ్చే జీతం గురించి. బిడ్డ వస్తేనే ఆమెకు ఆ సెషన్ డబ్బు. జ్వరమొచ్చి రాకపోయినా, వాన పడి రాకపోయినా, ఇంటికి బంధువులొచ్చి రాకపోయినా ఆ మొత్తం ఆమె జీతంలోనే తగ్గుతుంది. ఆమె మాత్రం ఉదయం తొమ్మిదికే బస్సు దిగి సెంటర్‌లో హాజరై ఉంటుంది. రమజాన్‌లో, పెళ్ళిళ్ళ కాలంలో మన ఇళ్ళ పిల్లల గైర్హాజరు పెరగడం సహజం. పండుగ ఖర్చు ముంచుకొచ్చే ఆ నెలలోనే ఆమె చేతికి తక్కువ వస్తుంది. మన ఇంట ఇఫ్తార్ హడావుడిలో మానేసిన సెషన్, మరో ఇంట ఈద్ బట్టల ఖర్చులో కోతగా మారుతోందన్న మాట.

ఇక్కడ ఫిఖ్హ్ విద్యార్థులందరూ ‘ఇజారా’ అధ్యాయంలో చదివే ఒక విభజన గుర్తు చేసుకోవాలి. హనఫీ ధర్మశాస్త్రవేత్తలు పనివారిని రెండు రకాలుగా చెప్పారు. దర్జీలా పలువురి పని చేసి, పని పూర్తిచేశాక ప్రతిఫలం పొందేవాడు అజీర్ ముష్తరక్. నిర్ణీత కాలంపాటు తన సమయాన్ని ఒకరికే అప్పగించినవాడు అజీర్ ఖాస్. ఈ రెండవవాడు పనికి సిద్ధంగా హాజరైతే చాలు, యజమాని ఆ పూట పని చెప్పకపోయినా వేతనానికి అర్హుడవుతాడు. అతడు అమ్మినది పనిని కాదు, సమయాన్ని.

తొమ్మిది నుంచి అయిదు వరకు సెంటర్‌లోనే ఉండాలని, మరోచోట పనిచేయకూడదని షరతు పెట్టిన యువతి ఏ కోవకు చెందుతుందో వేరుగా చెప్పనక్కరలేదు. ఒప్పందంలో ఆమెను ఏ పేరుతో పిలిచినా, ఆమె సమయం ఆ యజమాని చేతిలో ఉంది. నిజంగానే తనకు వీలైన వేళల్లో వచ్చి, పలుచోట్ల సెషన్లు చేసుకునేవారి సంగతి వేరు. అక్కడ కూడా రద్దయితే ఎంత ఇస్తారన్నది ముందే తేలాలి. వేతనం ఎంతో తెలియకుండా కుదుర్చుకున్న పని ఒప్పందం సరైనది కాదన్నది ఇజారాలో తొలి పాఠం.

సెంటర్ నడిపేవారి వాదన కూడా వినాలి. అద్దె ఆగదు, సామగ్రి ఖరీదైనది, కొందరు తల్లిదండ్రులు నెలల తరబడి ఫీజు బకాయి పెడతారు. నిజమే. ఆ తల్లిదండ్రులలోనూ అప్పు చేసి ఫీజు కడుతున్నవారు ఎందరో. అయినా ఇబ్బంది ముగ్గురిదీ అయినప్పుడు భారమంతా ముగ్గురిలో అందరికంటే తక్కువ సంపాదించేవారి నెత్తిన పడటం న్యాయం కాదు. ముందురోజు చెప్పకుండా మానేస్తే ఫీజులో కొంత భాగం తల్లిదండ్రులు భరించడం, ఆ భాగం నేరుగా థెరపిస్టుకు చేరడం, మిగిలిన లోటు యజమాని పూడ్చడం సాధ్యమైన పద్ధతే.

ఇది మన దేశపు పేదరికంవల్ల వచ్చిన చిక్కు అనుకోనక్కరలేదు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి పిల్లలకు అక్కడ ఈ సేవ చేసేవారిని ‘రిజిస్టర్డ్ బిహేవియర్ టెక్నీషియన్’ అంటారు. 2014లో మొదలైన ఈ గుర్తింపుకు హైస్కూల్ చదువు, 40 గంటల శిక్షణ, ఆపైన పరీక్ష ఉండాలి. పనిచేసిన గంటలలో నెలకు కనీసం 5 శాతం పైవారి పర్యవేక్షణలో సాగాలన్న నియమమూ ఉంది. ఖర్చు చాలావరకు బీమా సంస్థలు భరిస్తాయి. అంత సంపన్న దేశంలోనూ వారిది గంటల జీతమే. బిడ్డ రాకపోతే ఆ గంట చాలాచోట్ల వారి నష్టమే. లోపం సంపదలో లేదు, మనిషి సమయాన్ని లెక్కగట్టే తీరులో ఉంది.

దీని ఫలితం చివరకు బిడ్డమీదే పడుతుంది. చాలీచాలని జీతంతో అలసిపోయిన యువతి ఏడాది తిరక్కుండానే మరో ఉద్యోగం వెతుక్కుంటుంది. ఆటిజం ఉన్న బిడ్డకు మార్పు అంటేనే కష్టం. ఒక ముఖానికి, ఒక గొంతుకు అలవాటు పడటానికి వారాలు పడుతుంది. మనిషి మారిన ప్రతిసారీ ఆ వారాలు మళ్ళీ మొదటికొస్తాయి. ఆ వారాలకు కూడా ఫీజు కట్టేది తల్లిదండ్రులే.

ప్రభుత్వ రంగంలోనూ పరిస్థితి మెరుగ్గా లేదు. మన రెండు రాష్ట్రాలలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలలో పనిచేసే రిసోర్స్ పర్సన్లు ఏళ్ళ తరబడి కాంట్రాక్టు పద్ధతిలోనే కొనసాగారు. పాఠశాలల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో 10 మందికొకరు, ఆపై తరగతులలో 15 మందికొకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్క ప్రకారం శాశ్వత ఉద్యోగాలు భర్తీ చేస్తే ప్రైవేటు సెంటర్లు కూడా జీతాలు పెంచక తప్పదు.

ఈ ఉద్యోగంలో కూతుళ్ళున్న తల్లిదండ్రులు కొన్ని విషయాలు తెలుసుకోవాలి. పునరావాస నిపుణులుగా పనిచేసేవారు 1992 నాటి చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. కాబట్టి కౌన్సిల్ గుర్తింపు ఉన్న కోర్సులోనే చేర్పించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థలో ఇలాంటి కోర్సులున్నాయి. పదిమందికి తక్కువ కాకుండా పనిచేసేచోట లైంగిక వేధింపులపై ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది. అంతకంటే చిన్న సంస్థలవారు జిల్లాస్థాయి కమిటీని ఆశ్రయించవచ్చు. చేరేముందే జీతం, పనివేళలు, రద్దయిన సెషన్ సంగతి కాగితం మీద రాయించుకోవడం బిడియపడవలసిన విషయం కాదు.

ఇక బిడ్డను సెంటర్‌కు తీసుకువెళ్ళే తల్లిదండ్రులకు ఒక విన్నపం. సెంటర్ ఎంచుకునేటప్పుడు గోడలకు వేసిన రంగులు, బొమ్మల సంఖ్య చూసి ఊరుకోకండి. ‘మా బిడ్డకు నేర్పేవారు ఇక్కడ ఎన్నాళ్ళుగా ఉన్నారు? రోజుకు ఎందరు పిల్లలను చూస్తారు? సెషన్ల మధ్య విరామం ఉందా? బిడ్డ రాని రోజున వారికి జీతం ఇస్తారా?’ అని అడగండి. పదిమంది తల్లులు అడిగితే యజమాని ఆలోచిస్తాడు. రాలేని రోజున ముందురోజే కబురు చేయండి. రాత్రివేళ ఫోన్ చేయకండి. బిడ్డ కొరికితే ‘మీరేం చేశారు?’ అనే ముందు ‘గాయమైందా బేటీ?’ అని అడగండి. బిడ్డ ఎదుట ఆమెను పేరుపెట్టి కేకేయకుండా ‘టీచర్’ అనో ‘బాజీ’ అనో పిలవండి. ఖుర్ఆన్ తొలి అక్షరం నేర్పిన ఉస్తాద్‌ను జీవితాంతం గౌరవించే సంప్రదాయం మనది. ‘అమ్మీ’ అన్న తొలిమాటను బిడ్డ నోట పలికించడానికి నెలలు శ్రమించిన అమ్మాయి కూడా ఆ గౌరవానికి తగినదే. గౌరవంతో పాటు ఆమెకు రావలసిన వేతనం కూడా పూర్తిగా, సకాలంలో ముట్టాలి.