గృహరక్షణము: జలదారిలో వేళ్లు



పెరటిలోని వేపచెట్టు వేళ్లు జలదారిలోనికి చొచ్చుకొని వచ్చుచున్నవనియు, చెట్టును మొదలంట నఱికింపవలెనని యింటివారు నిశ్చయించిరనియు, అది అత్తగారు నాటిన చెట్టగుటచే తనకు మనసొప్పకున్నదనియు ఒక సోదరి మాతో చెప్పుకొన్నది. పెరడుగల యిండ్లలో నిట్టి చిక్కు ఎప్పుడో యొకప్పుడు వచ్చుచునే యుండును. కావున నీ నెల దానిని గూర్చియే ముచ్చటింతము.

మొదట గ్రహింపవలసిన దేమన, వేరు సాధారణముగా మంచి గొట్టమును పగులగొట్టుకొని లోనికి రాదు. అతుకు వదలి మురుగు మట్టిలోనికి కాఱుచున్నప్పుడు, ఆ తడియందు సన్నని వేళ్లు పెంపొందును. వెండ్రుక పట్టు సందు దొరకినను లోనికి దూరును. నీరును ఎరువును అచ్చట సమృద్ధిగా నుండుటచే సవరమువలె గుబురై, పిదప లావెక్కి, ఆ యతుకును మఱింత విడదీయును. దొంగ వచ్చుటకు ముందే తలుపు తెఱచియున్నదన్నమాట. చెట్టును కొట్టించినను ఆ తలుపు మూతపడదు. మురుగు పునాదిక్రిందికి పోవుచునే యుండును.

మన చిలమకూరు, ఎఱ్ఱగుంట్ల ప్రాంతము నాపరాళ్లకు పేరుగన్నది. రాయి గట్టిదే, రాతికి రాతికి నడుమ సున్నము రాలిన చోటే బలహీనము. కాలువ తూమునకు గుడ్డ బిగించి, నీరు నింపి, మట్టమునకు గుర్తుపెట్టి, గంట కడచిన పిదప చూడుడు. మట్టము బాగుగా తగ్గినచో ఎచ్చటనో కాఱుచున్నదని తెలియును. అచ్చటి రాళ్ల నెత్తించి, లోనికి వచ్చిన సన్నవేళ్లను రంపముతో కోయించి, ఒక పాలు సిమెంటునకు మూడు పాళ్లు ఇసుక కలిపి అతుకులు నింపించి, వారము దినములు తడి యారనీయక కాపాడవలెను. గొట్టము వేయదలచువారు అతుకులు బాగుగా నంటించిన పి.వి.సి. గొట్టము వేయించుట మేలు.

కొందఱు కాలువలో మైలుతుత్తము పోయుదురు. అది లోపలి వేరును మాడ్చునేగాని యతుకును పూడ్చదు. పైగా సెప్టిక్ ట్యాంకులో మురుగును జీర్ణింపజేయు సూక్ష్మజీవులకును, దాపుననున్న బావినీటికిని హాని చేయగలదు. దాని జోలికి పోకుండుటే మంచిది.

ఇక పునాది మాట. మన సీమలో నల్లరేగడి నేలలు విస్తారము. రేగడి తడిసిన నుబ్బును, ఎండిన కుంచించుకొని నెఱ్ఱెలు వాఱును. పునాది చెంతనున్న పెద్దచెట్టు వేసవిలో తేమను పీల్చినచో ఆ వైపు నేల క్రుంగి గోడ బీటవాఱవచ్చును. బీట కొసలయందు పెన్సిలుతో గీతలు గీచి, తేదిని, వెడల్పును వ్రాసి యుంచుడు. వేసవిలో విచ్చుకొని వానలలో మూసికొనుచుండినచో నేల కదలికయే కారణమని తలపవచ్చును. బీట నానాటికి పెరుగుచుండినచో ఆలసింపక ఇంజనీరునకు చూపింపుడు. తొందరపడి చెట్టును కొట్టించినను ముప్పు కలదు. చెట్టు త్రాగుచుండిన నీరు నేలలోనే నిలిచి, రేగడి యేండ్ల తరబడి యుబ్బి గోడ నెత్తగలదు. మొదటి దగ్గఱి లావువేళ్లను నఱికినచో గాలివానకు చెట్టు ఇంటిమీదనే పడవచ్చును. కావున ముందు అతుకులు కట్టించి, ఒక యేడాది గీతలను కనిపెట్టి చూచి, చెట్టు సంగతి పిదప తేల్చుకొమ్మని ఆ సోదరికి చెప్పితిమి.

క్రొత్తగా నాటువారికి మఱియొక మాట. వేళ్లలో నధికభాగము పై మూడడుగుల మట్టిలోనే యుండి, కొమ్మల నీడను దాటి దూరముగా ప్రాకును. కదిరి చేరువనున్న తిమ్మమ్మ మఱ్ఱిమాను ఊడలతో సుమా రయిదెకరముల మేర వ్యాపించి, 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. చేతిలోని మొక్కను చూచికాక, కాబోవు మానును తలచి చోటు నిర్ణయింపవలెను. చెట్టు ఎంత యెత్తు పెరుగునో యింటికి అంత దూరమున నాటుట క్షేమము. గోడప్రక్కకు కరివేపాకు, మందారము చాలును.

గోడ సందులలో పక్షుల వలన మొలచు రావి విషయమున మాత్రము జాగు పనికిరాదు. రెండాకులనాడే చేతితో మెల్లగా పెఱికి కుండలో నాటినచో, రావిని చంపితిమన్న భయమును ఉండదు, గోడయు నిలుచును. లావెక్కిన పిదప లాగినచో రాళ్లును వెంటవచ్చును. కంబోడియాలో ఏడవ జయవర్మ 1186లో ప్రతిష్ఠించిన తా ప్రోమ్ ఆలయమున మహావృక్షముల వేళ్లు కట్టడమును చీల్చినవి. కొన్నిచోట్ల ఆ వేళ్లే రాళ్లను పట్టియు నిలిపినవి. భారత పురావస్తుశాఖవా రచ్చట జీర్ణోద్ధరణమునకు పూనుకొనవలసి వచ్చినది. మన యూరి అగస్త్యేశ్వరాలయమునకును ఆ శాఖవారి రక్షణ కలదు. మన యిండ్ల కట్టి శాఖ యేదియు లేదు. ఏటేట తొలకరికి ముందు గోడలచుట్టు, కాలువవెంట ఒకమాఱు నడచి చూచుకొను ఇల్లాలి కన్నే వానికి రక్షణ.