తొలి పాఠం అమరికలే కావాలి

కంప్యూటరు నేర్చుకోవడానికి వచ్చిన కొత్త విద్యార్థికి మన విద్యాలయాలలో మొదట చెప్పేవి మూడు మాటలు: ఇలా వెలిగించాలి, ఇలా టైపు చేయాలి, ఇలా ఆర్పాలి. నాలుగవ మాట ప్రయోగశాల గోడమీద కాగితంపై వ్రాసి అంటించి ఉంటుంది: “సెట్టింగులు ముట్టుకోరాదు.” ఆ నాలుగవ మాటను గురించి మేము కొంత మనవి చేయదలచినాము. యంత్రాన్ని తన కంటికి, తన చేతికి, తన భాషకు అనువుగా అమర్చుకోవడం చదువంతా ముగిసిన తరువాత నేర్వదగిన విద్య అని చాలామంది భావిస్తున్నారు. అదే తొలి పాఠం కావాలని మా దృఢమైన అభిప్రాయం.

నానక్‌రామ్‌గూడ పరిసరాలలో చదువుకునే మనకు ఈ ప్రశ్న మరింత సూటిగా తగులుతుంది. 1998వ సంవత్సరం ఈ ప్రాంత చరిత్రలో గుర్తుంచుకోదగినది. ఆ ఏడు మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. ఆ ఏడే మైక్రోసాఫ్ట్ సంస్థ హైదరాబాదులో తన అభివృద్ధి కేంద్రాన్ని నెలకొల్పినది. నేడు దాని ప్రాంగణం మనకు పొరుగున గచ్చిబౌలిలో ఉన్నది. ట్రిపుల్ ఐటీ, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా ఆ సంవత్సరపు సంతానమే. 2019 ఆగస్టులో నానక్‌రామ్‌గూడలోనే అమెజాన్ సంస్థ పదిహేనువేల మంది పనిచేయగల మహాభవనాన్ని ప్రారంభించినది. లోకమంతా వాడే యంత్రాల లోపలి పని జరిగే చోట మనం నివసిస్తున్నాము. అయినా ఈ మేడల నీడలో చదివే విద్యార్థి తెరమీద అక్షరాన్ని పెద్దది చేసుకోవడానికి భయపడుతున్నాడు. దీపం క్రింద చీకటి అని తెలుగువారు, చిరాగ్ తలే అంధేరా అని ఉర్దూవారు అన్నది ఇటువంటి స్థితిని చూచియే కాబోలు.

ఇందులో ఒక వింత ఉన్నది. ఆ విద్యార్థి చేతిలోని ఫోనును చూడండి. దాని తెరపై తనకు ఇష్టమైన చిత్రం ఉంటుంది. మ్రోగే రాగం తాను ఎంచుకున్నది. అక్షరాల పరిమాణం తాను నిర్ణయించినది. అదే విద్యార్థి ప్రయోగశాలలో కూర్చోగానే అద్దె ఇంట మేకు కొట్టడానికి జంకే కాపురస్థుని వలె ముడుచుకుపోతాడు. తెలివి లోపించి ఇలా జరగడం లేదు. ఆ యంత్రం తనది కాదన్న భావమే ఇందుకు కారణం.

అసలు డెస్క్‌టాప్ అన్న మాటకు బల్లపై భాగమని అర్థం. 1981లో జెరాక్స్ సంస్థ స్టార్ అనే యంత్రాన్ని వెలువరించినప్పుడు, కార్యాలయంలో పనిచేసే మనిషికి అలవాటైన బల్లను, దానిపై కాగితాలను, కవిలె సంచులను తెరమీద బొమ్మలుగా నిలిపినది. 1984లో వచ్చిన ఆపిల్ వారి మాకింతోష్‌లో కంట్రోల్ ప్యానెల్ అనే చిన్న పలక ఉండేది. తెర వెనుక నేత ఎలా ఉండాలో, శబ్దం ఎంత ఉండాలో, మౌస్ ఎంత వేగంగా కదలాలో వాడేవారే అందులో నిర్ణయించుకొనేవారు. అనగా సామాన్యునికోసం రూపొందిన తొలి యంత్రాలలోనే అమర్చుకొనే హక్కు ఉన్నది. ఆ హక్కునకు తెలుగున అమరికలు అని, ఉర్దూన తర్తీబాత్ అని పేర్లు స్థిరపడినవి. దేనిని ఎక్కడ ఉంచాలో ఆ ఇంటివారే నిర్ణయించడమన్న భావం రెండు మాటలలోనూ ఉన్నది.

తెర వెనుక చిత్రాన్ని మార్చడం అన్నిటికంటె తేలికైన అమరిక. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో కనిపించిన పచ్చని గుట్ట, నీలాకాశం పాఠకులకు జ్ఞాపకముండే ఉంటాయి. అది 1996లో చార్లెస్ ఓ రియర్ అనే ఛాయాగ్రాహకుడు కాలిఫోర్నియాలోని సొనోమా ప్రాంతంలో తీసిన చిత్రం. ఏళ్ల తరబడి మన కార్యాలయాలు, బ్యాంకులు, బడులు ఆ పరాయి గుట్టను చూస్తూనే పనిచేసినవి. ఖాజాగూడ రాళ్లు, గోల్కొండ బురుజు కిటికీలోనుండి కనిపించే ఊరిలో కూడా తెరమీద ఆ గుట్టయే నిలిచినది. చిత్రం మార్చినంత మాత్రాన విద్య వచ్చినట్లు కాదు. ఇల్లు అలకగానే పండుగ కాదు. కాని ఆ అరనిముషపు పనిలో భయం సగం తీరుతుంది. తాను మార్చినది మారినదని, తిరిగి మార్చవచ్చునని విద్యార్థి తన చేతితో తెలుసుకుంటాడు. ఆ ధైర్యంతో అతడు తరువాతి తలుపు తెరుస్తాడు.

ఆ తరువాతి తలుపు భాష. మన కళాశాలలో తెలుగు, ఉర్దూ రెండూ బ్రతికి ఉన్నవి. ఈ వార్షిక సంచికయే అందుకు సాక్ష్యం. ఒకప్పుడు ఏ టైపు మిషనుమీద ఏ అక్షరాలు పోతపోసి ఉంటే అవే వ్రాయగలిగేవారు. భాష మారితే మిషనునే మార్చవలసి వచ్చేది. ఉర్దూ నస్తాలీఖు వ్రాత అచ్చు అక్షరాలకు లొంగనందున ఉర్దూ పత్రికలు చిరకాలం కాతిబుల కలాన్నే నమ్ముకున్నవి. 1980 దశకం ఆరంభంలో మీర్జా అహ్మద్ జమీల్ వేలాది అక్షర సంయోగాలను స్వయంగా వ్రాసి నూరీ నస్తాలీఖును యంత్రానికి అందించిన తరువాతనే ఆ చిక్కు విడినది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగు లిపికీ, ఉర్దూకు మూలమైన అరబీ లిపికీ స్థానం లభించినది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఖతి వచ్చినది. 2019లో విండోస్ 10కు వచ్చిన మార్పులలో, ఆంగ్లాక్షరాలతో ఉచ్చారణను టైపు చేస్తే తెలుగు అక్షరాలుగా మారే కీబోర్డు కూడా చేరినది.

ఇంతమంది ఇన్నేళ్లు శ్రమించి సిద్ధం చేసినది నేడు మన ప్రయోగశాలలోని ప్రతి యంత్రంలోనూ నిద్రిస్తున్నది. దానిని మేల్కొలపడానికి సెట్టింగులు తెరచి, కాలము-భాష అన్న విభాగంలో తెలుగును, ఉర్దూను చేర్చితే చాలు. పిదప విండోస్ మీటతో పాటు స్పేస్ మీట నొక్కితే కీబోర్డు ఒక భాష నుండి మరొక భాషకు మారుతుంది. ఉర్దూ కీబోర్డు చేర్చిన పిమ్మట వర్డులో కంట్రోల్‌తో పాటు కుడిప్రక్క షిఫ్ట్ నొక్కితే పంక్తి కుడినుండి మొదలవుతుంది. ఎడమప్రక్క షిఫ్ట్ నొక్కితే మరల ఎడమకు వస్తుంది. ఇది తెలియని విద్యార్థి తన తల్లి పేరును తన లిపిలో వ్రాయలేక ఆంగ్లాక్షరాలలో వ్రాస్తున్నాడు. ఒక దరఖాస్తులో ఒక రీతిగా, మరొక దరఖాస్తులో మరొక రీతిగా వ్రాసి, పేర్లు కలియలేదన్న అభ్యంతరంతో తిరిగివచ్చిన కాగితాన్ని పట్టుకొని తిరుగుతున్నాడు. అమరికల అజ్ఞానానికి మన విద్యార్థులు చెల్లిస్తున్న మూల్యం ఇది.

అదే విభాగంలో ప్రాంతం అన్న అమరిక మరొకటి ఉన్నది. అది అమెరికాగా ఉన్నంతకాలం తేదీలో నెల ముందు నిలుస్తుంది. మార్చి నాలుగవ తేదీ ఏప్రిల్ మూడుగా పొరపాటు పడే ప్రమాదమున్నది. లక్ష రూపాయల అంకెలో విరామచిహ్నం 100,000 అని పడుతుంది. ప్రాంతాన్ని భారతదేశంగా మార్చితే రోజు ముందు వస్తుంది, లక్ష 1,00,000 అవుతుంది. వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థికి ఇది అలంకారం కాదు, లెక్క.

ఇక కన్ను, చేయి. చూపు మందగించిన విద్యార్థికి అక్షరాల పరిమాణాన్ని నూటికి 225 వరకు పెంచే అమరిక ఉన్నది. ఎడమచేతి వాటం వారికి మౌస్ మీటలను తారుమారు చేసే అమరిక ఉన్నది. ఒక చేయి మాత్రమే ఆడేవారికి, రెండు మూడు మీటలు కలిపి నొక్కవలసిన చోట ఒకదాని తరువాత ఒకటి నొక్కితే సరిపోయే స్టికీ కీస్ ఉన్నది. తెరను చదివి వినిపించే నరేటర్ ఉన్నది. వీటికి అదనపు ఖర్చు లేదు. “ముట్టుకోరాదు” అన్న కాగితం మాత్రం, వీటి అవసరం అందరికంటె ఎక్కువగా ఉన్నవారినే అందరికంటె దూరంగా నిలుపుతున్నది.

కమిటీ పెద్దల ఆక్షేపణ మాకు తెలియనిది కాదు. ఒకే యంత్రం ముందు రోజుకు ఆరుగురు కూర్చుంటారు. ఒకరు మార్చినది మరొకరికి ఇబ్బంది. చెడితే బాగుచేయించే ఖర్చు కళాశాలది. ఆక్షేపణ న్యాయమైనదే. కాని దానికి పరిష్కారం కూడా ఆ యంత్రంలోనే ఉన్నది. అమరికలు రెండు విధాలు. తెర చిత్రం, రంగులు, అక్షర పరిమాణం, కీబోర్డు, మౌస్ వాటం వంటివి వ్యక్తిగతమైనవి. అవి ఎవరి ఖాతాలో వారికి భద్రపడి ఉంటాయి. కొత్త ప్రోగ్రాములు చేర్చడం, గడియారాన్ని సరిదిద్దడం, ఇతరుల ఖాతాలను తొలగించడం వంటివి యావత్ యంత్రానికి సంబంధించినవి. వాటికి నిర్వాహకుని సంకేతపదం కావాలి. ప్రతి విద్యార్థికి సామాన్య ఖాతా ఒకటి ఇచ్చి, నిర్వాహక ఖాతాను ప్రయోగశాల బాధ్యులవద్ద ఉంచితే, ఒకరి అమరిక మరొకరిని తాకదు. గ్రంథాలయంలో పుస్తకం చిరుగుతుందని బీరువాకు తాళం వేయము. సభ్యత్వపు కార్డు ఇస్తాము. ఇదీ అటువంటిదే.

మరికొందరు పెద్దలు, ఈ మేడలలో ఉద్యోగం కావాలంటే ఆంగ్లమే శరణ్యము, తెలుగు, ఉర్దూ అమరికలతో ప్రయోజనమేమి అని అడుగుతారు. ఆంగ్లం అవసరమని మేమూ అంగీకరిస్తాము. పరీక్షలలోను, ఉద్యోగాలలోను ఎదురయ్యే మెనూలు ఆంగ్లంలోనే ఉంటాయి గనుక వాటిని ఆంగ్లంలో గుర్తించే అభ్యాసం ఉండవలసినదే. కీబోర్డులో తెలుగు చేర్చినంత మాత్రాన ఆంగ్లం పోదు. రెండూ ప్రక్కప్రక్కనే ఉంటాయి. శాస్త్రాన్ని మాతృభాషలో చెప్పవచ్చునా అన్న శంక ఈ నగరానికి కొత్త కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో ఆరంభమైనది. దానికి పాఠ్యగ్రంథాలు సమకూర్చడానికి అంతకు ముందటి సంవత్సరమే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ వెలసినది. 1968లో తెలుగు అకాడమి స్థాపితమై కళాశాలలకు తెలుగు పాఠ్యగ్రంథాలు అందించినది. వైద్యశాస్త్రాన్నే ఉర్దూలో బోధించిన నగరంలో ఒక మెనూను తెలుగులోను, ఉర్దూలోను వివరించడం అసాధ్యమని ఎవరైనా అంటే నమ్మడం కష్టం.

విద్యార్థి మిత్రులకు కూడా రెండు మాటలు. అమర్చుకొనే స్వేచ్ఛ అంటే చేతికందినదెల్లా కదిలించడం కాదు. ఒకసారి ఒక్క అమరికనే మార్చండి. మార్చకముందు అది ఎలా ఉన్నదో నోటుపుస్తకంలో వ్రాసుకోండి. నచ్చనిచో వెనుకకు మార్చండి. అందమైన తెరల పేరిట, చిత్రవిచిత్రమైన బాణపు గుర్తుల పేరిట తెలియని చోటులనుండి ప్రోగ్రాములు దించుకోకండి. అటువంటి వాటి వెంట దొంగలు వచ్చే అవకాశమున్నది. యంత్రం నెమ్మదించినదని భద్రతా నవీకరణలను ఆపివేయకండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. కాబట్టి ఇంట పాత యంత్రమున్నవారు సెట్టింగులలో తమది ఏ రూపాంతరమో చూచుకోవడం తక్షణ కర్తవ్యం. గోప్యత అన్న విభాగం తెరచి, మీరున్న చోటును, మీ మైకును, కెమెరాను ఏ ప్రోగ్రాములు వాడుకుంటున్నవో చదవండి. మీ అనుమతి ఎవరికి అవసరమో, ఎవరికి అనవసరమో నిర్ణయించవలసినది మీరే. స్థానం వదలి లేచేటప్పుడు విండోస్ మీటతో పాటు ఎల్ అక్షరం నొక్కి తెరకు తాళం వేయండి.

చివరగా కమిటీ పెద్దలకు మా విన్నపాలు మూడు. ప్రతి విద్యార్థికి స్వంత ఖాతా ఇప్పించండి. ప్రతి యంత్రంలోనూ ఆంగ్లంతో పాటు తెలుగు, ఉర్దూ కీబోర్డులు సిద్ధంగా ఉంచండి. విద్యాసంవత్సరపు మొదటి వారంలో రెండు గంటలు అమరికల పాఠానికి కేటాయించి, గోడమీది పాత కాగితం స్థానంలో తెలుగులోను, ఉర్దూలోను వ్రాసిన అమరికల పట్టికను పెట్టించండి. ఆ పట్టికను వ్రాసి ఇవ్వడానికి మేము సిద్ధంగా ఉన్నాము. దీనికి కావలసినది కొత్త నిధులు కాదు. విద్యార్థిపై కొంత నమ్మకం. రేపు ఈ నానక్‌రామ్‌గూడ మేడలలో ఎవరో అమర్చిన యంత్రాల ముందు కూర్చొనేవారు మాత్రమే కాక, వాటిని అమర్చగలవారు కూడా మన కళాశాలనుండి వెళ్లాలంటే, ఆ నమ్మకాన్ని నేడు ఇవ్వవలసి ఉన్నది.