చైనా నాగానికి డ్రాగన్ పేరెందుకు?



మొన్న మా మనుమడు ఒక పుస్తకంలోని చిత్రాన్ని నా ముందుంచి, "తాతయ్యా, దీని నోట్లో నిప్పేదీ?" అని అడిగాడు. చిత్రం క్రింద 'మరకతపు డ్రాగన్' అని అచ్చువేశారు. రెండు మాటలు, రెండు తప్పులు. ముప్పది ఏండ్లు ఎర్రసిరాతో దిద్దిన చేయి ఊరుకోదు గదా!

1971లో చైనాలోని ఇన్నర్ మంగోలియాలో ఒక రైతుకు దొరికిన జేడ్ శిల్పమది. హోంగ్‌షాన్ సంస్కృతికి చెందినది; వయస్సు సుమారు 5,000 ఏండ్లు, ఎత్తు 26 సెంటీమీటర్లు. కొడవలివలె వంగిన సన్నని ఒడలు, వెనుకకెగసిన జూలు, పంది ముట్టెవంటి మూతి. కాళ్ళు లేవు, కొమ్ములు లేవు, రెక్కలసలే లేవు. జేడ్ ఉలికి లొంగే రాయి కాదు. తడి ఇసుకతో ఓపికగా అరగదీసి రూపు తేవలసినదే.

మొదటి తప్పు చిన్నది. మరకతమనగా పచ్చ, ఆ శిలాజాతి వేరు. జేడ్‌లో తెల్లనివీ ఉన్నవి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీరు వేటకత్తిని, నూర్జహాను పండ్లకత్తిని చూచినవారికి దాని నిగ్గు తెలుసు. మనకు సొంత మాట లేదు గనుక జేడ్ అనే వ్రాసుకొందాం, నాకభ్యంతరం లేదు.

నా తగవంతా రెండవదానితోనే. డ్రాగన్ అనగానే తోచేది ఐరోపా కథల్లోని రెక్కల రాకాసి. నిప్పులు క్రక్కి, చివరకు వీరుని చేత చస్తుంది. చైనీయుల 'లుంగ్' వానలు కురిపించేది, నదులను ఏలేది. బౌద్ధగ్రంథాలను అనువదించినప్పుడు మన 'నాగ' శబ్దానికి వారెన్నుకొన్న మాట ఇదే. 5వ శతాబ్దారంభాన కుమారజీవుడు ఆచార్య నాగార్జునుని రచనలను చైనా భాషలోకి తెచ్చాడు. అక్కడ ఆచార్యుని పేరు 'లుంగ్‌షూ', అనగా నాగవృక్షం. అర్జునమంటే మద్దిచెట్టే కదా! మన నాగాన్ని వారు గుర్తుపట్టారు. వారి నాగాన్ని మనం ఇంగ్లీషువారి మాటతో పిలుస్తున్నాం.

తరువాతి కాలపు లుంగ్‌కు కాళ్ళూ కొమ్ములూ ఉన్నవి, నాగమెట్లవుతుందని అడుగుతారేమో. ఆ అనువాదకులకు లేని పట్టింపు మనకేల? పైగా ఈ పురాతన శిల్పానికి కాళ్ళే లేవు. కార్తీక శుద్ధ చవితినాడు పుట్టలో పాలుపోసే కోనసీమకు, ఆదుర్రులో బౌద్ధస్తూపాన్ని నిలుపుకొన్న కోనసీమకు నాగమన్న మాట పరాయిది కాదు.

మనుమనికి ఇదంతా చెప్పి, "ఇది నాగంరా, నిప్పు కాదు, వాన కురిపిస్తుంది" అన్నాను. వాడు కాసేపాలోచించి, "మరి అమలాపురం బజారులో అమ్మే డ్రాగన్ పండు?" అన్నాడు. గుజరాత్ ప్రభుత్వం 2021లో దానికి 'కమలం' అని పేరుపెట్టింది. అదీ నాకు నచ్చలేదు.