విజ్ఞాన సర్వస్వ పరిష్కరణ: ప్రాచ్య విద్యాధ్యాపకుల బాధ్యత

కోలాచల మల్లినాథ సూరి రఘువంశానికి సంజీవనీ వ్యాఖ్య రచిస్తూ, ఆరంభంలోనే ఒక నియమం స్వీకరించాడు. మూలంలో ఆధారం లేనిది ఏదీ వ్రాయననీ, అపేక్షితం కానిది చెప్పననీ ఆ నియమ సారాంశం. వ్యాఖ్యాన సంప్రదాయానికి ఇంతకంటె క్లుప్తమైన ధర్మశాస్త్రం మరొకటి కనబడదు. ఈ నియమాన్ని మనం తరగతి గదులలో బోధిస్తున్నాము. పరిశోధక విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలను దీనితోనే కొలుస్తున్నాము. అయితే ఈనాడు తెలుగు విద్యార్థి మొట్టమొదట సంప్రదించే ఆకరం విషయంలో మాత్రం ఈ నియమపాలన మన పని కానట్లు ప్రవర్తిస్తున్నాము. ఆ ఆకరం అంతర్జాలంలోని స్వేచ్ఛా విజ్ఞాన సర్వస్వం.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న ప్రారంభమయింది. ఇందులో వ్రాసేవారికి వేతనం లేదు, నియమిత సంపాదక వర్గం లేదు. ఆసక్తి గల ఎవరైనా వ్యాసం ఆరంభించవచ్చు, ఇతరులు ఆరంభించిన దానిని దిద్దవచ్చు, పెంచవచ్చు. రెండు మూడు వాక్యాలతో ఆగిపోయిన వ్యాసాలకు అక్కడివారు ‘మొలకలు’ అని పేరు పెట్టుకున్నారు. గ్రామాలను గురించి, చలనచిత్రాలను గురించి వ్యాసాలు అసంఖ్యాకంగా ఉన్నాయి. ఉద్యోగులు, విద్యార్థులు, విశ్రాంత జీవులు తమ తీరిక వేళలను ధారపోసి ఇంత పని చేశారు. వారి శ్రమను చులకన చేయడం అన్యాయం. కాని వ్యాకరణం, అలంకార శాస్త్రం, ప్రాచీన కవుల కాలనిర్ణయం వంటి విషయాలలో వారికి తోడు నిలువవలసినవారు ఎవరు? మనమే. మనం అక్కడ లేము.

కొంతకాలం క్రిందట ఈ వ్యాసకర్త ఒక విద్యార్థి వ్రాసిన వ్యాసాన్ని పరిశీలించవలసి వచ్చింది. పాల్కురికి సోమనాథుని కాలాన్ని ఆ విద్యార్థి ఒకే ఒక్క శతాబ్దిగా, వివాదమే లేనట్లు పేర్కొన్నాడు. ఆధారమేమని అడిగితే, “అంతర్జాలంలో అట్లాగే ఉన్నదండీ” అని సమాధానం. సోమనాథుని పన్నెండవ శతాబ్ది ఉత్తరార్ధానికి చేర్చే పక్షం ఒకటి, పదమూడు పదునాలుగు శతాబ్దుల సంధికి తెచ్చే పక్షం మరొకటి ఉన్నాయనీ, కావ్యాలలో ప్రస్తావితుడైన ప్రతాపరుద్రుడు మొదటివాడా రెండవవాడా అన్న ప్రశ్న ఈ వివాదానికి మూలమనీ మనకందరికీ తెలుసు. ఉభయ పక్షాల గ్రంథాలూ మన గ్రంథాలయంలోనే ఉన్నాయి. వాటిని తెరిచినవారు లేరు. ఆ విద్యార్థిని మందలించి పంపిన తరువాత, దోషం ఎవరిదని ఆలోచించవలసి వచ్చింది. తప్పు వ్రాసినవానిది సగం దోషమైతే, తెలిసి దిద్దనివానిది తక్కిన సగం.

ఈ విషయంలో పండితవర్గం సాధారణంగా మూడు ఆక్షేపణలు చేస్తున్నది. వాటిని పూర్వపక్షంగా స్వీకరించి విచారించడం ఉచితం.

మొదటిది: ఎవడైనా దిద్దగల గ్రంథానికి ప్రామాణ్యమెక్కడిది? ఈ ఆక్షేపణ చేసేవారు ఆ వ్యాసాలకు అనుబంధంగా ఉండే ‘చరిత్ర’ పుటను చూచి ఉండరు. వ్యాసంలో ఏ మార్పు ఏ దినాన ఏ వాడుకరి పేరుతో జరిగినదో అందులో నమోదవుతుంది. వెనుకటి పాఠం సాధారణంగా చెరిగిపోదు. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో చేపట్టిన మహాభారత సంశోధిత ముద్రణ 1966లో గాని పూర్తి కాలేదు. ప్రధాన సంపాదకుడైన సుక్థంకర్ 1943లోనే దివంగతుడు కాగా తరువాతి పండితులు ఆ కార్యాన్ని కొనసాగించారు. వారి శ్రమలో ఎంత భాగం పాఠాంతరాల సేకరణకూ తారతమ్య పరిశీలనకూ వ్యయమయినదో తెలిసినవారికి, పాఠాంతరాలన్నీ తమంతట తామే భద్రమయ్యే గ్రంథం విలువ వేరుగా చెప్పనక్కరలేదు. తాళపత్రంలో లేఖక ప్రమాదం ఎక్కడ చొరబడిందో ఊహించవలసి ఉంటుంది. ఇక్కడ వ్రేలు పెట్టి చూపవచ్చు. పైగా ప్రతి వ్యాసానికీ ఒక ‘చర్చ’ పుట ఉన్నది. అందులో బిరుదులకు ప్రత్యేక గౌరవం లేదు, ప్రమాణానికే గౌరవం. వాక్యార్థ సభలలో ఆరితేరినవారికి ఇది కొత్త కాకూడదు.

రెండవది: మన స్వతంత్ర పరిశోధన ఫలితాలను అక్కడ అంగీకరించరట. నిజమే. మౌలిక పరిశోధనకు అక్కడ తావు లేదు; అన్యత్ర ప్రకటితమైన ఆధారం చూపవలసిందే. తటస్థ దృష్టితో వివిధ పక్షాలను వాటి ప్రాధాన్యం మేరకు నిరూపించవలసిందే. ఇది మనకు అవమానం కాదు, మల్లినాథుని నియమమే. నూతన సిద్ధాంతాలకు స్థానం ఇటువంటి పరిశోధన పత్రికలలో ఉన్నది. ఇక్కడ ప్రకటితమై, పరీక్షకు నిలిచిన విషయం అక్కడ మూలనిర్దేశంతో చేరుతుంది. అట్లా చేరనప్పుడు మన పత్రికల పాత సంచికలు బీరువాలలోనే శిథిలమవుతాయి. ఎవరూ ఉదాహరించని పరిశోధన ఉన్నా లేనట్లే.

మూడవది: ఈ శ్రమకు గుర్తింపు లేదు. ఇది బలమైన ఆక్షేపణ. ముద్రిత పరిశోధన పత్రానికి ఉద్యోగ జీవితంలో లభించే విలువ ఒక వ్యాసాన్ని పరిష్కరించినందుకు లభించదు. దానికి తోడు, చర్చ పుటలలో మొండివాదులు తారసపడతారు. తెలిసినదానిని పదేపదే నిరూపించవలసిన విసుగూ ఉంటుంది. ఈ కష్టాలు లేవని చెప్పడం అసత్యమవుతుంది. అయితే కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని చేపట్టినపుడు ఏ గుర్తింపు లెక్కించి చేపట్టారు? అక్షరక్రమంలో తొలి అక్షరాలను దాటకమునుపే 1923లో ఆయన దివంగతులయ్యారు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు ఆ కార్యాన్ని మళ్ళీ తలకెత్తుకున్నా, 1938లో వారూ వెళ్ళిపోయారు. ఒకరిద్దరి భుజాల మీద మోయలేని భారమది. ఆనాడు వారికి కొరవడినది వేల చేతుల సహాయం. ఈనాడు ఆ చేతులున్నాయి. కొరవడినది శాస్త్రజ్ఞుల తోడ్పాటు.

కర్తవ్యం పెద్దది కాదు. ప్రతి ప్రాచ్య కళాశాలలోని తెలుగు, సంస్కృత శాఖలు సంవత్సరానికి పది వ్యాసాలను ఎన్నుకొని పరిష్కరించవచ్చు. విద్యార్థికి ఒక వ్యాసం అప్పగించి, అందులో ఆధారం లేని ఒక్క వాక్యాన్ని గుర్తించి, గ్రంథాలయంలో దాని మూలాన్ని వెదకి, గ్రంథనామం, ముద్రణ సంవత్సరం, పుటసంఖ్యలతో చేర్చమనవచ్చు. ఆధారం దొరకనిచో దానిని తొలగించడానికి ముందు చర్చ పుటలో కారణం తెలపమనవచ్చు. అధ్యాపకుడు దానిని సరిచూడాలి. పరిశోధన పద్ధతులను గురించి ఒక సంవత్సరం ఉపన్యసించినా కలగని సంస్కారం ఈ ఒక్క అభ్యాసంతో కలుగుతుంది. రెండు జాగ్రత్తలు మాత్రం అవసరం. స్వీయ గ్రంథాల ప్రచారానికి ఈ వేదికను వాడుకోరాదు. ఇతరుల గ్రంథాల నుండి పుటలకు పుటలు ఎత్తి వ్రాయరాదు. మన దేశంలో గ్రంథకర్త మరణానంతరం అరువది సంవత్సరాల వరకు హక్కులు ఉంటాయి.

మరొక విషయం. అడిగిన క్షణంలో వ్యాసాలల్లి ఇచ్చే యంత్రాలు ఇప్పుడు విద్యార్థుల చేతిలో ఉన్నాయి. అవి నేర్చుకునే పాఠాలలో ఈ విజ్ఞాన సర్వస్వం కూడా ఒకటి. ఇక్కడ నిలిచిపోయిన ఒక దోషం అక్కడ వేయి నోళ్ళ పలుకుతుంది. ఒకప్పుడు లేఖకుని పొరపాటు ఒక ప్రతి నుండి మరొక ప్రతికి తరలడానికి తరాలు పట్టేది; నేడు ఒక దినం చాలు.

పరిష్కరణ మన వృత్తి. దానికి తాళపత్రమే క్షేత్రమని నియమం లేదు. ఆ సోమనాథుని వ్యాసం వ్రాసిన విద్యార్థి ఈ సంవత్సరం ఉభయ పక్షాల గ్రంథాలనూ చదివి, పుటసంఖ్యలతో టిప్పణి సిద్ధం చేసుకున్నాడు. దానిని సరిచూచి ఇవ్వవలసిన బాధ్యత ఈ వ్యాసకర్తది. తక్కిన కవుల విషయంలో అటువంటి బాధ్యతను విజ్ఞులైన అధ్యాపకులు స్వీకరించాలని ప్రార్థన.