లెక్కలోకి రానివాళ్ల లెక్క

ఫైనలియర్ ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే చాలు, రెండు మూడు టీములైనా "షుగర్‌ను ముందే కనిపెట్టే మోడల్" అంటూ రెడీ అయిపోతాయి. డేటా ఎక్కడిదయ్యా అంటే, పిమా ఇండియన్స్ డేటాసెట్. ఆ ఇండియన్స్ మనం కాదు. అమెరికాలోని అరిజోనా ప్రాంతపు ఆదివాసీ మహిళలు, 768 మంది. దాని మీద ఎంత యాక్యురసీ తెచ్చినా మన ఊరి పీహెచ్‌సీకి ఒరిగేది తక్కువే. నా అసలు అభ్యంతరం వేరే ఉంది. ఏ మోడలైనా పట్టికలో ఉన్నవాళ్ల నుంచే నేర్చుకుంటుంది. మరి పట్టికలోకి ఎక్కనివాళ్ల సంగతి?

పాముకాటునే తీసుకోండి. మిలియన్ డెత్ స్టడీలో సర్వే సిబ్బంది ఇంటింటికీ వెళ్లి, చనిపోయినవాళ్ల గురించి కుటుంబసభ్యుల్ని అడిగారు. ఆ వివరాలు చదివి డాక్టర్లు మరణ కారణం తేల్చారు. 2011లో వచ్చిన ఫలితం ప్రకారం దేశంలో ఏటా పాముకాటు మరణాలు సుమారు 46 వేలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే దాదాపు 5,200. నాలుగింట మూడు వంతుల మరణాలు ఆసుపత్రి బయటే జరిగాయి. అంటే ఆసుపత్రి రిజిస్టర్ ఒక్కటే చూసి విషం విరుగుడు మందు పంచితే, అది ఎక్కువ అవసరమైన ఊరికే చేరకపోవచ్చు.

అంత పెద్ద సర్వే మనం చేయలేం. కానీ మన దగ్గర పెద్దగా ఎవరూ వాడని ఒక పద్ధతి ఉంది: క్యాప్చర్-రీక్యాప్చర్. చెరువులో కొన్ని చేపలు పట్టి, గుర్తు పెట్టి వదిలేస్తారు. మళ్లీ వల వేసి, పడ్డవాటిలో గుర్తున్నవి ఎన్నో చూస్తారు. మనుషుల దగ్గర వలకు బదులు జాబితాలు. ఉదాహరణకు ఆసుపత్రి జాబితాలో 60 మంది, ఆశా కార్యకర్తల జాబితాలో 50 మంది ఉన్నారనుకుందాం. రెండింట్లోనూ ఉన్నవాళ్లు 30. ఆశా జాబితాలోని 50 మందిలో 30 మందే ఆసుపత్రికి దొరికారంటే, ఆసుపత్రి పట్టేది 60 శాతం. కాబట్టి మొత్తం 100. మనకు కనిపించింది 80 మందే. మిగతా 20 మంది ఏ జాబితాలోనూ లేరు.

ఇదేమీ కొత్త ఫ్యాషన్ కాదు. టీక్యూఎం పరీక్షలో మనం పేరు రాసే డెమింగ్, మన దేశపు గణాంకవేత్త చంద్రశేఖరన్‌తో కలిసి 1949లోనే దీనిమీద పేపర్ రాశారు. కలకత్తా దగ్గరి సింగూరులో రిజిస్ట్రార్ జాబితానూ, ఇంటింటి సర్వే జాబితానూ పోల్చి, నమోదు కాని జనన మరణాలను అంచనా వేశారు.

చిక్కులు లేకపోలేదు. రెండు జాబితాలూ ఒకదాన్నొకటి చూసి రాసినవి కాకూడదు. నాటువైద్యుడి దగ్గరే ప్రాణం పోయినవాళ్లు రెండింటికీ దొరకకపోతే, మన అంచనా కూడా తక్కువే వస్తుంది. ఇక పేర్లు! ఒకచోట "లక్ష్మి", ఇంకోచోట "లచ్చమ్మ". ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. ఇద్దరూ ఒకరేనని పట్టుకోలేకపోతే లెక్క పెరిగిపోతుంది. తెలుగు పేర్లను సరిగ్గా జతచేసే ప్రోగ్రాం రాయడానికి మనకన్నా తగినవాళ్లెవరు?

"ఇందులో నావెల్టీ ఏముంది?" అని రివ్యూలో అడుగుతారు, తెలుసు. ఫార్ములా పాతదే, ఒక్క లైను. అయినా ఈ ఏడాది ఒక్క టీమైనా ఒక్క మండలం ఎంచుకుని, అనుమతులు తీసుకుని, వివరాలు బయటికి పొక్కకుండా రెండు జాబితాలు పోల్చి చూడాలని నా కోరిక. ఆ 20 మంది ఏ ఊళ్లవాళ్లో కొంతైనా తెలిస్తే, మందు ఎక్కడ ఉంచాలో పీహెచ్‌సీ డాక్టరుకు తెలుస్తుంది. నా దృష్టిలో 99 శాతం యాక్యురసీ కన్నా అదే పెద్ద రిజల్టు.